రాజు గోడ దూకిన ఆట

నవంబరు పదిహేడు, ఆదివారం. మహబూబాబాద్, రైల్వే గేటు అవతల మిత్రుడి ఇల్లు. హాజరైనవారు: ఇంటి యజమాని, అంటే దంతాలపల్లి నుంచి వచ్చి ఈ పట్నంలో స్థిరపడిన నా మిత్రుడు, ఆయన భార్య, భూపాలపల్లి నుంచి వచ్చిన నవలాకారుడి కూతురు, జనగామ నుంచి నేను. నవల రాసిన మనిషి మాత్రం రాలేదు. ఆయన్ని పిలవలేదు. ఆయన్ని ఆ ఇంటికి పిలవగలిగే పరిస్థితే ఉంటే మిగతావాళ్లం అక్కడ కూర్చోవలసిన పని ఉండేది కాదు.

నా డైరీలో ఏ ముఖ్యమైన రోజైనా ఇలాగే మొదలవుతుంది. భూమి కొలతల శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి. ఎవరెవరు ఉండగా కొలిచామో ముందు రాసి, ఆ తర్వాతే గొలుసు నేల మీద పరిచేవాళ్లం. రిటైరైనా ఆ పద్ధతి పోలేదు.

మా పరిచయం చాలా పాతది. పెళ్లిళ్లు కాకముందు మేం ముగ్గురం మహబూబాబాద్‌లో స్టేషన్ దగ్గర ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను కొలతల శాఖలో కొత్తగా చేరాను. రెండోవాడు పెద్దవంగర వాడు, తెలుగు పంతులు. మూడోవాడు దంతాలపల్లిలో భూములున్న ఇంటి పెద్ద కొడుకు. వ్యవసాయం మీద మనసు లేక మార్కెట్ యార్డులో ఉద్యోగానికి వచ్చాడు. సాయంత్రాలు చదరంగం ఆడేవాళ్లం. వాళ్లిద్దరూ ఆడేవాళ్లు, నేను ఎక్కువగా చూసేవాణ్ణి అంటే సరిగ్గా ఉంటుంది. తర్వాత బదిలీలు, సంసారాలు. పంతులు చివరికి భూపాలపల్లిలో రిటైరై, అక్కడే దవాఖానలో నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గర ఉంటున్నాడు. రిటైరయ్యాక ఒక నవల రాశాడు. ఆయన రాసింది ఆ ఒక్కటే.

నవలలో కథ ఇది. వాగుకు ఇటు ఒక పటేల్ ఇల్లు, అటు ఇంకొక పటేల్ ఇల్లు. హద్దు తగాదా. కేసు తన మీదికి వస్తుందని తెలిసి ఇవతలి పటేల్ ప్రహరీగోడ దూకి తప్పించుకుంటాడు. ఆయనకు బదులు తమ్ముడు జైలుకు పోతాడు. చివరికి ఇవతలి ఇంటి జీతగాడు ఒక్కొక్క గడపా దాటుతూ అవతలి వాళ్ల పెరటిదాకా చేరి, అక్కడి గుట్టంతా మోసుకొచ్చే కబురుగాడై, అవతలి పటేల్‌ను ఓడిస్తాడు. ఇల్లు నిలుస్తుంది. తమ్ముడు మాత్రం తిరిగి ఆ ఇంటికి రాడు.

ఇప్పుడు దంతాలపల్లి మిత్రుడి సంగతి. ఆయన పెళ్లయి పిల్లలు పుట్టాక ఊళ్లో హద్దు తగాదా ఒకటి జరిగింది. కొట్లాటలో ఒకడి చెయ్యి విరిగింది. కేసులో ఆయన తమ్ముడు జైలుకు పోయాడు. విడుదలయ్యాక అన్న ఇంటికి రాకుండా జఫర్‌గఢ్‌లో అత్తగారి ఊళ్లో స్థిరపడ్డాడు. ఈ సంగతి దంతాలపల్లిలో అందరికీ తెలుసు. నవల వచ్చాక అందరూ చదవలేదు గాని, చదివిన ఇద్దరు ముగ్గురు మిగతావాళ్లకు చెప్పారు.

మిత్రుడు పుస్తకం చంకన పెట్టుకుని భూపాలపల్లి వెళ్లాడు. ఆనాటి సంభాషణ నాకు పంతులు కూతురు చెప్పింది.

"నా ఇంట్ల బువ్వ తిన్నవ్. నా ఇంటి కత బజార్ల పెట్టినవ్."

"అది నీ ఇంటి కత కాదురా. చదరంగం ఆట. ఎప్పటిదో, పేపర్ల పడ్డ ఆట. దాన్నే మనుషుల్ని చేసి రాసిన."

"ఏ పేపరు? ఎవడు ఆడిండు? చూపియ్యి."

పంతులు చూపించలేకపోయాడు. ఒకప్పుడు పత్రికల్లో వచ్చే చదరంగం శీర్షికలను కత్తిరించి దాచే అలవాటు ఆయనకుండేది. ఇళ్లు మారడంలో ఆ కాగితాలు పోయాయి. ఆట ఎవరిదో, ఏ దేశంలో ఆడారో గుర్తు లేదు. ఆకారం మాత్రం మనసులో ఉండిపోయిందట. మిత్రుడు పుస్తకాన్ని మంచం మీద పెట్టి బస్సెక్కాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

నవల ప్రతులు అయిపోయాయి. ఈ సంవత్సరం ఒక ప్రచురణకర్త మళ్లీ వేస్తానని ముందుకొచ్చాడు. పంతులు ఒప్పుకోలేదు. "వాడు ఊ అన్నదాక వద్దు" అన్నాడు. ఆయనకిప్పుడు చెయ్యి వణుకుతుంది, ఇంకో పుస్తకం రాసే అవకాశం లేదు. ఆయన పేరు మీద ఉన్న ఒక్క పుస్తకం మిత్రుడి ఒక్క మాట కోసం ఆగిపోయింది. కూతురు నాకు ఫోన్ చేసి, మిత్రుణ్ణి ఒక్కసారి అడిగి చూడమంది.

నేను మహబూబాబాద్ వెళ్లి మిత్రుణ్ణి అడిగాను.

"నువ్వు కూడ వాని దిక్కేనా?" అన్నాడు.

"నేను ఎవరి దిక్కూ కాదు. హద్దు ఎక్కడుందో చూద్దామంటున్న."

"సరే సర్వేయరు సాబ్. అయితె కొలువు. ఆ ఆట తెచ్చి నా ముంగట బోర్డు మీద పెట్టు. రాజు పానం కోసం మంత్రిని ఇచ్చిన ఆట ఎవడన్న నిజంగ ఆడిండా, చూస్త. ఆడిండంటె నేనే ఫోన్ చేస్త, అచ్చేసుకో అంట. లేదంటె ఈ ముచ్చట మల్ల నా ఇంట్ల ఎత్తకు."

షరతు స్పష్టంగా ఉంది. నాకు అలాంటివి నచ్చుతాయి.

భూపాలపల్లికి వెళ్లి పది రోజులకు పైనే ఉన్నాను. మా శాఖలో పొలం కొలిచి గీసే చిత్తుపటాన్ని టిప్పన్ అంటారు. నవలలోని ఊరికి టిప్పన్ గీశాను. పటేల్ ఇంటికి కుడిపక్క ఎవరు, వాగు ఎక్కడ, ఎవరి గడప నుంచి ఎవరి గడపకు ఎన్ని వాకిళ్లు. రచయిత చెప్పిన ప్రతి మాటా పటంలోకి ఎక్కించాను. పటేల్ రాజు, ఆయన తమ్ముడు మంత్రి, జీతగాడు బంటు. ఎనిమిది వీధులు, వీధికి ఎనిమిది ఇళ్లు. పంతులు అబద్ధం చెప్పలేదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఊహించి రాసిన ఊరు ఇంత చతురస్రంగా కుదరదు.

కూతురికి తండ్రే ఆట నేర్పాడు. నేను టిప్పన్ చూసి నడకలు చెబుతుంటే ఆమె ఫోన్‌లో పెట్టి, అలాంటి ఆట ప్రపంచంలో ఎక్కడైనా నమోదైందేమో వెతికేది. మంత్రిని బలి ఇచ్చిన ఆటలు ఎన్నో దొరికాయి. మాది దొరకలేదు. పైగా రెండు చోట్ల చిక్కుపడ్డాం. మొదటిచోట ఫోనే మొండికేసింది.

"పెద్దనాయిన, ఈ రాజు ఎటు పోయిండు? ఇట్ల పోరాదు. ఫోను ఒప్పుకుంటలేదు."

"ఒప్పుకోకుంటే ఏం చేస్తది?"

"తప్పు నడక అని రాజును మల్ల ఇంట్లనే కూసోవెడ్తది."

మంచం మీది నుంచి పంతులు అందుకున్నాడు. "నవలల దూకిండా లేదా? దూకినోన్ని దూకలేదంటే ఎట్ల? ఫోనుకేం తెలుసు మానుకోట రాజుల సంగతి!"

మానుకోట అంటే మహబూబాబాదే. ఆయన ఆ మాట అలవాటుకొద్దీ అన్నాడు. అప్పుడు ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

టిప్పన్ ప్రకారం పటేల్ గోడ దూకి చేరిన చోటు ఆయన ఇంటికి రెండిళ్లు పక్కకు, ఒక ఇల్లు ముందుకు ఉంది. రాజు ఏనుగు చాటుకు పోయే మామూలు కోట నడక అది కాదు. ఏనుగుగా నిలిచిన పెద్ద కొడుకు మూలనున్న తన ఇంట్లోంచి కదలనే లేదు. రెండో చిక్కు జీతగాడిది. బంటు అవతలి చివరకు చేరితే దాన్ని మంత్రిగా మార్చుకోవడం ఆట తెలిసిన ఎవడైనా చేసే పని. మంత్రి వచ్చిందంటే తమ్ముడు తిరిగి వచ్చినట్టే. నవలలో బంటు కబురుగాడయ్యాడు, అంటే గుర్రమయ్యాడు. తమ్ముణ్ణి ఎందుకు విడిపించలేదని నవల వచ్చిన కొత్తలో ఒక సమీక్షకుడు కూడా అడిగాడు. పంతులు మాత్రం, "ఆట అట్లనే ఉండె" అన్నాడు.

ఏమీ తేలక జనగామ తిరిగి వచ్చాను. ఫోన్ చేసి మిత్రుడికి ఓటమి ఒప్పుకుందామని కూడా అనుకున్నాను.

మా ఊళ్లో పెన్షనర్ల సంఘానికి ఒక చదువుకునే గది ఉంది. పొద్దున పేపర్లు, మధ్యాహ్నం క్యారమ్స్, చదరంగం. ఒక రోజు నేను పేపరు చూస్తుంటే వెనక గొడవ మొదలైంది. రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఒకరు, జఫర్‌గఢ్ నుంచి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఒకరు ఆడుతున్నారు.

"ఏందయ్యా గిది? రాజు గుర్రం లెక్క దుంకుతడా?"

"ఒక్కసారి దుంకుతడు. షా పడకముందు. మా దిక్కు గట్లనే."

"మీ దిక్కు రాజులకు కాళ్లెక్కువనా?"

"మీ దిక్కు రాజులకు మోకాళ్ల నొప్పులేమో, నాకేం ఎరుక."

అందరూ నవ్వారు. నేను పేపరు మడిచి వాళ్ల దగ్గరికి వెళ్లి, మీ దిక్కు బంటు చివరకు చేరితే ఏమవుతుందని అడిగాను. జఫర్‌గఢ్ పెద్దమనిషి నన్ను జాలిగా చూశాడు.

"ఎవ్వలి ఇంట్ల చేరితే వాల్లే అయితది. ఏనుగు ఇంట్లయితే ఏనుగు. గుర్రం ఇంట్లయితే గుర్రం. మంత్రి గావాల్నంటే మంత్రి ఇంటికే పోవాలె. మీరు ఆడలేదా చిన్నప్పుడు?"

ఆడాం. మా తరం వాళ్లమంతా ఇళ్లల్లో అలాగే నేర్చుకున్నాం. బంటు మొదటిసారైనా ఒక్క ఇల్లే నడిచేది. అవతలివాడు ఒక్కసారి కూడా 'షా' అని రాజుకు గురి పెట్టకముందు రాజుకు ఒక గుర్రపు దూకుడు హక్కుగా ఉండేది. స్టేషన్ దగ్గరి గదిలో కూడా మొదట్లో మా ఆట అదే. తర్వాత ఎప్పుడో పంతులు వరంగల్ నుంచి అచ్చయిన నియమాల పుస్తకం కొనుక్కొచ్చాడు. మేం నాగరికులమయ్యాం. పాత నడకలు మానేశాం, మానేసిన సంగతి కూడా మరచిపోయాం. అచ్చు పుస్తకం అలవాటైన మనుషులం కాబట్టి, మంచి ఆట అంటే అచ్చులోదే అయి ఉంటుందని ముగ్గురం అనుకున్నాం. రచయిత పత్రికలో చూశాననుకున్నాడు, మేం ప్రపంచమంతా వెతికాం.

అయితే ఆ ఆట అచ్చులోది కాదు. ఇక్కడిది. నియమాల పుస్తకం మా గదిలోకి రాకముందుది. ఆ రోజుల్లో పంతులు ఆ గది బయట ఎవరితోనూ ఆడలేదు.

ఆనాటి నా డైరీలు తీసి చూశాను. వానలు, ఏ ఊళ్లో కొలత, ఎవరికి జ్వరం. 'సాయంత్రం చదరంగం' అని మాత్రం చాలా రోజుల కింద ఉంది. ఎవరు గెలిచారో కూడా రాయలేదు. నా డైరీలు నాకు పనికిరాకపోవడం అది మొదటిసారి కాదు.

పంతులుకు చెప్పకూడదనుకున్నాను. చెబితే, అవునవును గుర్తొచ్చిందని అంటాడు. నిజంగా వచ్చిందో లేదో ఆయనకే తెలియదు. హద్దు విషయంలో సాక్షికి ముందే గీత చూపించకూడదు. కూతురికి ఒక్కదానికే చెప్పాను. ఆదివారం ఆమె భూపాలపల్లి నుంచి బస్సులో వరంగల్ వచ్చింది, నేను జనగామ నుంచి రైల్లో వెళ్లాను. అక్కడినుంచి ఇద్దరం కలిసి మహబూబాబాద్ చేరాం.

మిత్రుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను టీపాయ్ మీద బోర్డు పరిచి, టిప్పన్ పక్కన పెట్టుకుని రెండు వైపులా నేనే జరపడం మొదలుపెట్టాను.

"బంటు ఒక్క ఇల్లే జరుపుతున్నవేంది?"

"పాత పద్ధతి. మనం గదిలో ముందుగాల ఆడిన పద్ధతి."

"ఈయనకు పాత పద్ధతులంటే మస్తు ఇష్టం అన్న" అంది ఆయన భార్య, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "మిక్సీల పచ్చడి వేస్తె ముట్టడు. రోట్ల నేను నూరాలె, రుచి ఈయన చూడాలె."

"నువ్వు జర ఊకుంటవా."

"ఊకున్న. ఆడుండ్రి."

ఆట నెమ్మదిగా సాగింది. నవల మొదటి అధ్యాయాలు కూడా అంతే. ఎవరూ గడప దాటి రెండు అడుగులు వేయరు. నేను ఏ నడక నవలలో ఏ సంఘటనో చెబుతూ పోయాను. రాజును ఎత్తి, రెండిళ్లు పక్కకు, ఒక ఇల్లు ముందుకు పెట్టినప్పుడు మిత్రుడు కట్టుకున్న చేతులు విప్పాడు.

"గోడ దూకుడు" అన్నాడు. "అరె, రాజు దూకేది గదా అప్పుడు! మరిచేపోయిన."

తర్వాతి అధ్యాయంలో నవల తికమకగా ఉంటుంది. ఒకే రాత్రి ఇద్దరు ఊరు దాటుతారు; ఎవరు ముందో రచయిత చెప్పడు. నేను ఆలోచించి గుర్రం ముందనుకున్నాను. గుర్రం మీద చెయ్యి వేయగానే మిత్రుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది కాదు. ఒంటె."

"నవలలో లేదే?"

"గుర్రం జరిపితె మంత్రి పోయే తొవ్వ యాడుంటది? ఒంటె జరగాలె ముందు."

ఆయనే ఒంటెను జరిపాడు. అవతలివైపు జవాబు కూడా ఆయనే జరిపాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. టిప్పన్ ఆయనకు కనబడకుండా నా మోకాళ్ల మీదికి మార్చాను. ఆయన దాని వైపు చూడనే లేదు. కుడిచేత్తో ఇవతలివి, ఎడమచేత్తో అవతలివి జరుపుకుంటూ పోయాడు. నేను ఒక్కొక్క నడకా పటంతో సరిచూసుకున్నాను. అన్నీ కలిశాయి.

మంత్రిని తీసుకుపోయి అవతలి ఏనుగు ఎదుట పెట్టి, దాని మీది నుంచి చెయ్యి తీయలేదు.

"ఏమైంది చిన్నాయిన?" అంది పంతులు కూతురు.

"ఇది నేను ఆడిన ఆట బిడ్డ."

"మీరా?"

"నేనే. మీ నాయిన ఎదురుంగ కూసున్నడు. ఎప్పటికీ ఆయనే గెలిచేటోడు. నేను గెలిచింది ఇదొక్కటే, ఎట్ల మరుస్త? మార్కెట్ యార్డు మొత్తం చెప్పుకున్న." ఆయన నవ్వబోయి ఆగాడు. "మంత్రిని ఇచ్చి ఒడ్డున పడ్డ. ఈ బంటు పోయి పోయి గుర్రం ఇంట్ల పడ్డది. మంత్రి ఇల్లు జర అవతల్నే. నడుమ ఒంటె ఇల్లొక్కటే. మంత్రి మల్ల రాలె. గుర్రంతోనే మాత్ చేసి ఆట కట్టేసిన."

 నా పని అయింది. నేను కాగితం మడుస్తూ, "అప్పటికి మీ తమ్ముడు ఏం చేస్తున్నడు?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు. కాని ఆయన నోటి నుంచి రావాలి.

"బడికి పోతుండె."

"అంటే కేసుకు ముందటిది."

"చానా ముందటిది."

"మరింకేంది!" అంది భార్య. "ఆ పంతులన్న తప్పు ఏం లేకపాయె. ఇన్నేండ్లు ఉత్తగ మాట బంద్ వెట్టుకుంటిరి."

"వాని తప్పు లేదు" అన్నాడు మిత్రుడు. మంత్రి మీది నుంచి చెయ్యి తీశాడు. "నవల నా ఇంటి మీద కాదు. నా మీద. ఇంట్ల గట్ల జరగకముందే నేను గట్లనే, ఇంకొకన్ని ఇచ్చి ఒడ్డున పడేటోన్నన్నట్టు." లేచి నిలబడ్డాడు. "అన్నం పెట్టు."

కూతురు, ఫోన్ ఎప్పుడు చేస్తారని అడగబోయింది. నేను సైగ చేసి ఆపాను.

భోజనాలప్పుడు ఆయన కందిపప్పు ధర గురించి, కొత్త జిల్లా ఆఫీసుల గురించి మాట్లాడాడు. తిని, లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఆయన భార్య విస్తళ్లు తీస్తూ మాకు చెప్పింది:

"కేసప్పుడు మా మరిదే అన్నడన్న, అన్న బదులు నేను పోత అని. ఈయన పొమ్మన్లె. గని వద్దు అని గూడ అన్లె. గా ఒక్కటి ఈయనకు లోపల ఉన్నది. ఎవ్వలకు చెప్పడు. నిద్రల అప్పుడప్పుడు ఒద్దు ఒద్దు అంటడు, గంతే."

సాయంత్రం కూతురు వరంగల్ బండి ఎక్కింది. తండ్రికి ఆట దొరికిందని చెబుతానంది. ఎవరి ఆటో కూడా చెప్పమన్నాను, ఇక దాచవలసింది లేదు. "మరి పుస్తకం పెద్దనాయిన?" అంది కిటికీలోంచి. షరతు ప్రకారం ఆయన ఫోన్ చేయాలి, చేయలేదు. అంతకంటే నాకు తెలియదని చెప్పాను. మిత్రుడి భార్య మాట మీద నేను ఆ పూటకు వాళ్లింట్లోనే ఉండిపోయాను.

మర్నాడు ఉదయం నేను లేచేసరికి మిత్రుడు స్నానం చేసి, ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. బోర్డు అలాగే ఉంది. ఫోన్ నా చేతికిచ్చి, "కలుపు. ఆ నంబరు నేను తీసేసిన" అన్నాడు. కలిపి, ఇద్దరికీ వినబడేలా పెట్టి, టీపాయ్ మీద ఉంచాను.

"ఎవరూ?" అంది పంతులు గొంతు.

"నేనే."



"గెలిచినోడివి నువ్వేనట గదరా" అన్నాడు పంతులు. "పేపర్ల పడ్డది అనుకున్న. నా బుర్రల నిన్ను తీసి తెల్లోన్ని కూసోవెట్టిన."

"అచ్చేసుకో."

"ఏందీ?"

"పుస్తకం. అచ్చేసుకో. గని ఒక్కటి మార్చు."

"ఏది?"

"తమ్ముణ్ణి పంపేముందు పటేల్ రాత్రంత కూసొని ఆలోచన జేసినట్టు రాసినవ్. అది తప్పు. నేను ఆలోచించలె. మంత్రిని తీసి అట్లనే పెట్టిన. ఉన్నది ఉన్నట్టు రాయి."

"మార్చ."

"ఎందుకు?"

"అది అబద్ధం గనుక. నువ్వు ఆలోచించినవ్. నిన్న బిడ్డ చెప్పినసంది నాకు అంత యాదికొస్తున్నది. మన గది కింది హోటలాయన చాయ్ పంపిండు. నీది అట్లనే చల్లారింది. మల్ల వేడి చేసి తెచ్చిండు, మల్ల చల్లారింది. నేను జల్ది జరుపురా అని తిడుతున్న. నువ్వు మంత్రిని ముట్టవు, వదులవు. ముట్టవు, వదులవు. వాన ఎలిసింది గని నీ చెయ్యి లేవలె."

మిత్రుడు నా వైపు తిరిగాడు. "నిజమేనా? నువ్వుంటివి గదా?"

ఉన్నానేమో. ఆ గదిలో చల్లారిన చాయ్‌లు ఎన్నో ఉంటాయి. ఆట మొత్తాన్నే మరచిపోయినవాడికి ఒక్క రాత్రిలో చాయ్ దాకా గుర్తు రావడం సాధ్యమో కాదో నేను నిర్ణయించలేను. నా డైరీలో లేదు, నాకు తెలియదు అని చెప్పాను.

ఆయన మరి నన్ను అడగలేదు. టీపాయ్ మీది నుంచి ఫోన్ తీసి, లౌడ్‌స్పీకర్ ఎట్లా తీసేయాలో తెలియక నాకిచ్చి తీసేయించుకుని, చెవికి ఆనించుకున్నాడు.

"ఆ చాయ్‌ది మల్లొకసారి చెప్పు" అన్నాడు.

నేను సంచి తీసుకుని, ఆయన భార్యకు చెప్పి, జనగామ బండికి బయల్దేరాను. గేటు వేస్తూ చూస్తే ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు.